ఒక్క కార్డుతో అన్ని కోటలూ చూడొచ్చా? బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవాళ్ల అపోహలు

ఇంగ్లండ్‌లో ఓ పాత కోట టికెట్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. ఎండలు రాగానే మనవాళ్ల రాక పెరుగుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేదీ ఆ నెలల్లోనే. కారులోంచి పులిహోర డబ్బా, పిల్లల బండి, పెద్దవాళ్ల చేతికర్ర దిగుతాయి. ఫోన్‌లో నేషనల్ ట్రస్ట్ కార్డు తీసి చూపిస్తారు. అది పాత కోటలు, తోటలు చూసుకునే ఓ సంస్థ సభ్యత్వ కార్డు; ఏటా డబ్బు కట్టిన సభ్యులకు ఆ సంస్థ చోట్లకు విడిగా టికెట్ అక్కర్లేదు. మా కోట ఆ సంస్థది కాదు. ఆ మాట చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే.

పోయిన వేసవిలో ఒక కుటుంబం రెండు గంటలు కారులో ప్రయాణం చేసి వచ్చింది. కార్డు చెల్లదని తెలిశాక పెద్దాయన కొడుకుతో, "మీరు వెళ్లి చూసి రండిరా, మేమిద్దరం ఈ బెంచీ మీద కూర్చుంటాం" అన్నారు. మోకాళ్ల నొప్పులన్నారు గానీ, చూస్తున్నది ధరల బోర్డు వైపే. కొడుకు ముఖం చిన్నబోయింది.

అపోహ: నేషనల్ ట్రస్ట్ కార్డుంటే బ్రిటన్‌లో ఏ కోటకైనా వెళ్లొచ్చు.

వాస్తవం: పేరులో నేషనల్ ఉంది కదా, ప్రభుత్వానిదే అనుకుంటారు. కాదు. అది 1895లో పుట్టిన చారిటీ. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లలో దానికి 500కు పైగా చోట్లు ఉన్నాయి. బోడియం కోట, స్టౌర్‌హెడ్ తోట, టిప్పు సుల్తాన్ గుడారం ఉన్న పౌయిస్ కోట వాళ్లవే. డోవర్ కోట, కెనిల్‌వర్త్, విక్టోరియా రాణి నివసించిన ఆస్బోర్న్ హౌస్ మాత్రం ఇంగ్లిష్ హెరిటేజ్‌వి. అది వేరే సంస్థ, కార్డూ వేరే. కాన్వీ, కైర్నార్వన్ కోటలు వేల్స్‌లోని కాడూ అనే సంస్థ చేతిలో ఉన్నాయి. ఎడిన్‌బరో కోట స్కాట్లాండ్‌లోని ఇంకో సంస్థది. వార్విక్ కోట ఒక కంపెనీది. నేషనల్ ట్రస్ట్, ఇంగ్లిష్ హెరిటేజ్ కార్డులు రెండూ చెల్లే చోట్లు కొన్ని ఉన్నాయి, స్టోన్‌హెంజ్ అలాంటిదే. మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందని చెప్పుకునే కోహినూర్‌ను చూడాలంటే టవర్ ఆఫ్ లండన్‌కు విడిగా టికెట్ కొనాల్సిందే.

అందుకే కార్డు కొనే ముందు ఒక్క పని చేయండి. మీ ఇంటి నుంచి గంట ప్రయాణంలో ఉన్న చోట్లన్నీ కాగితం మీద రాసి, ఒక్కోటీ ఎవరిదో పక్కన వేసుకోండి. ఏ పేరు ఎక్కువసార్లు వస్తే ఆ కార్డు తీసుకోండి. పిల్లలున్న ఇంటికి ఇంకో లెక్క కూడా ఉంది: ఇంగ్లిష్ హెరిటేజ్‌లో సభ్యులైన పెద్దవాళ్ల వెంట ఆరుగురు పిల్లల దాకా ఉచితం. స్నేహితుల గ్రూపులో ఎవరో "మేం అదే తీసుకున్నాం, సూపర్" అన్నారని కొనేయకండి. వాళ్ల ఊరు వేరు, మీ ఊరు వేరు.

అన్నట్టు, లీడ్స్ కోట లీడ్స్ నగరంలో లేదు. కెంట్‌లో, మెయిడ్‌స్టోన్ దగ్గర ఉంది.

"మెంబర్‌షిప్ తీసుకుంటే వీసాకు ఇబ్బందా అండీ?" అని మెల్లగా అడిగే స్టూడెంట్లను చూస్తే జాలేస్తుంది. ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు! వీసా మీద 'పబ్లిక్ ఫండ్స్' వద్దని ఉండేది యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్ లాంటి ప్రభుత్వ సాయం గురించి. మీరు డబ్బు కట్టి కొనుక్కునే సభ్యత్వానికీ దానికీ సంబంధం లేదు. పౌరసత్వమూ అక్కర్లేదు. టెన్షన్ పడకండి. డైరెక్ట్ డెబిట్ పెట్టుకుంటే మాత్రం ఏటా దానంతటదే రెన్యూ అవుతుంది. ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు రద్దు చేయడం మర్చిపోవద్దు. అసలు డబ్బే పెట్టలేని స్థితిలో ఉంటే సెప్టెంబరు దాకా ఆగండి. హెరిటేజ్ ఓపెన్ డేస్‌లో ఇంగ్లండ్ అంతటా ఎన్నో పాత భవనాలను ఉచితంగా తెరుస్తారు.

సొంత తిండి తేకూడదన్నదీ అపోహే. చాలా చోట్ల తోటలో దుప్పటి పరుచుకుని తినొచ్చు, గదుల్లోకే తీసుకెళ్లనివ్వరు. కోటల్లో మెలికల మెట్లను కుడిచేతి కత్తియోధుల కోసమే కుడివైపు తిప్పారన్న కథకు సరైన ఆధారం లేదు, ఎడమవైపు తిరిగేవీ బోలెడున్నాయి.

గదులు చీకటిగా ఉండేది కరెంటు పొదుపు కోసం కాదు. వెలుతురు తగిలే కొద్దీ పాత బట్టల రంగు వెలిసిపోతుంది, పోయిన రంగు మళ్లీ రాదు. అందుకే అద్దకం బట్టలున్న గదిలో వెలుతురును 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గర ఉంచుతారు. ఒకసారి బెంచీ మీద కూర్చోబోయిన ఒకావిడను మా మేనేజర్ అనుమతితో లోపలికి తీసుకెళ్లి ఇదే చెప్పబోయాను. ఆవిడ అప్పటికే పరదా అంచు దగ్గర వంగి, మడతలో దాగిన చోట ఇంకా ముదురుగా ఉన్న ఎరుపునీ, బయట పాలిపోయిన భాగాన్నీ చూస్తున్నారు. "పెళ్లి పట్టుచీర నేనెప్పుడూ ఎండలో ఆరేయలేదమ్మా, నీడనే" అన్నారు. తర్వాత ఆ గదిలోంచి కదలడానికి ఇరవై నిమిషాలు పట్టింది.