యూనివర్సిటీ వచ్చింది సరే, కొండమీది బడికి ఎవరు వెళ్లాలి?

విజయనగరం జిల్లాలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏజెన్సీ పిల్లలకు ఏం చేస్తోందన్న ప్రశ్న, సవర, జాతాపు గిరిజన యువతకు అక్కడే టీచరు శిక్షణ ఇవ్వాలన్న డిమాండ్‌తో మళ్లీ ముందుకొచ్చింది. విభజన చట్టంలో హామీ, రెల్లి గ్రామంలో స్థలం, తర్వాత మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు మార్పు, 2023 ఆగస్టు 25న శంకుస్థాపన... ఇవన్నీ పేపర్లలో చదివినవే. గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు బడులు పెట్టిన సంగతీ ఈ ఉత్తరాంధ్ర జిల్లాలవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే మాత్రం 2020 ఏప్రిల్ 22 దగ్గర ఆగాలి.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతాల్లో, టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న జీవో 3ని సుప్రీంకోర్టు ఆ రోజు కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని, మిగతావారి అవకాశాలు దెబ్బతింటాయని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారి జోలికి పోలేదు.

జీవో 2000లో వచ్చింది. దాని విలువ ఒకటో తరగతిలో కూర్చుంటే తెలుస్తుంది. సీతంపేట కొండల్లోని సవర పిల్లాడికి ఇంట్లో తెలుగు ఉండదు. టీచరు బొమ్మ చూపించి అడిగితే వాడు సవరలో టక్కున చెప్తాడు. ఆ భాష రాని టీచరుకు వాడు చెప్పింది తప్పో ఒప్పో తెలియదు. రెండుమూడుసార్లు అలా అయ్యాక పిల్లాడు నోరు విప్పడం మానేస్తాడు. జీడిపిక్కల సీజన్‌లో అమ్మానాన్నలతో తోటకు పోతే మళ్లీ బడికి రావడం కష్టం. ఊళ్లోవాళ్లే టీచరైతే సాయంత్రం ఇంటికెళ్లి పిలుచుకొస్తారు. సవర, కొండ, కువి లాంటి భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేసి, భాషా వాలంటీర్లను పెట్టిందీ ఇందుకే. వాళ్లవి తాత్కాలిక కొలువులు. కొనసాగిస్తారో లేదోనని ఎప్పుడూ టెన్షనే.

2025లో 16,347 టీచర్ పోస్టుల మెగా డీఎస్సీ వచ్చినప్పుడు గిరిజన సంఘాలు ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ కావాలని రోడ్డెక్కింది ఈ తీర్పు వల్లే.

విశ్వవిద్యాలయం తరఫు వాదన కూడా ఉంది. 2019లో విజయనగరం దగ్గరి కొండకరకాంలోని ఆంధ్రా యూనివర్సిటీ పాత పీజీ సెంటర్ భవనాల్లో తరగతులు మొదలయ్యాయి. తన పని ఉన్నత విద్య, పరిశోధన. సొంత క్యాంపస్ పూర్తికాకుండా చిన్నపిల్లల బడుల దాకా వెళ్లమంటే ఎలా అని అంటారు. దత్తత గ్రామాలు, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులు ఉన్నాయనీ చెప్తారు. కానీ వారం రోజుల క్యాంపులో పిల్లలు పాటలు పాడతారు, మొక్కలు నాటుతారు, క్యాంపు ఎత్తేశాక బడి మళ్లీ భాష రాని టీచరు చేతికే వస్తుంది. సవర, జాతాపు యువతకు ఇక్కడే టీచరు శిక్షణ ఇచ్చి, డీఎస్సీ పోటీకి సిద్ధం చేయాలన్న డిమాండ్ అందుకే న్యాయమైనది. తీర్పు మూసిన దారికి యూనివర్సిటీ తెరవగల దారి అదొక్కటే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పార్వతీపురం, సీతంపేట గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) రెండూ కొత్త పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. క్యాంపస్ విజయనగరం జిల్లాలో ఉండిపోయింది. శ్రీకాకుళం జిల్లాలో మిగిలిన మందస, మెళియాపుట్టి సవర పల్లెలు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతం కిందికే రావు. జీవో 3 ఉన్న రోజుల్లోనూ అక్కడి పిల్లలకు అది అందలేదు. కొండకరకాంలో కూర్చుని ఆ శిక్షణకు పథకం రాసేవాళ్లు ఆ పల్లెల పేర్లు కూడా చేర్చాలి.