టర్కీ: 429వ చట్టం గెంటేసిన ఇద్దరూ తిరిగొచ్చిన కథ

పసిపిల్లకు జ్వరం తగ్గక జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లు ఆటో ఎక్కి చెప్పే పేరు నీలోఫర్. లక్డీకాపూల్ దగ్గరి ఆ దవాఖానకు పేరిచ్చిన నీలోఫర్ ఇస్తాంబుల్‌లో పుట్టింది, ఆటోమన్ రాజవంశపు పిల్ల. పురానీ హవేలీ దగ్గర దుర్రు షెహ్వార్ పేరుతో ఇంకో ఆసుపత్రి ఉంది. ఆవిడైతే ఏకంగా ఆఖరి ఖలీఫా కూతురు. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఈ ఇద్దరినీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొడుకులకిచ్చి పెళ్లి చేశారు. ఇస్తాంబుల్‌లో ఉండాల్సిన ఖలీఫా నీస్‌లో ఏం చేస్తున్నాడు? అది తెలియాలంటే టర్కీలో ఇప్పటికీ తెగని ఒక తగాదా మొదటికి వెళ్లాలి.

1924 మార్చి 3న అంకారాలోని పార్లమెంటు ఒక్కరోజులో వరసగా మూడు చట్టాలు చేసింది. 431వ చట్టం ఖలీఫా పదవిని రద్దు చేసింది. ఆ రాత్రే ఆఖరి ఖలీఫా అబ్దుల్ మెజీద్‌ను ప్యాలెస్ నుంచి బయల్దేరదీశారు. సిటీలోని పెద్ద స్టేషన్‌కు తీసుకెళ్తే జనం పోగవుతారన్న భయంతో ఊరి బయట చతల్జా అనే చిన్న స్టేషన్ దాకా కారులో తీసుకెళ్లి, అక్కడ రైలెక్కించి దేశం దాటించారు. స్విట్జర్లాండ్ మీదుగా నీస్ చేరిన ఆయనకు చేతిలో డబ్బు ఆడకపోతే, నెలకు 300 పౌండ్లు పంపింది మన నిజామే. ఇక్కడో చిత్రం ఉంది. ఖలీఫాను బ్రిటిష్‌వాళ్లు ఎక్కడ దించేస్తారోనని మన దేశంలో గాంధీ సహా అంతా కలిసి ఖిలాఫత్ ఉద్యమం నడిపారు. చివరికి దించేసింది టర్కీవాళ్లే.

రెండోది 430. దేశంలోని బడులన్నిటినీ విద్యాశాఖ కిందికి తెచ్చింది, మదర్సాలు మూతపడ్డాయి. చరిత్ర పుస్తకాల్లో ఈ రెండిటి గురించీ చదువుతాం. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది మూడోది, 429. అప్పటిదాకా కేబినెట్‌లో షరియా, వక్ఫ్ వ్యవహారాలకు ఒక మంత్రి ఉండేవాడు. సైన్యాధిపతికీ మంత్రి హోదాలో ఒక కుర్చీ ఉండేది. 429 ఆ రెండు శాఖలనూ ఒకే దెబ్బకు ఎత్తేసింది. మతమూ సైన్యమూ రెండూ కేబినెట్ గది బయటే ఉండాలన్నది టర్కీ గణతంత్రాన్ని స్థాపించిన ముస్తఫా కెమాల్ లెక్క. తర్వాత అతాతుర్క్ అనిపించుకున్నది ఆయనే.

కాగితం మీద బాగానే ఉంది. అయితే మంత్రిని తీసేసి మతాన్ని దాని మానాన వదిలెయ్యలేదు. అదే చట్టం దియానెత్ అనే ప్రభుత్వ సంస్థను పెట్టి ప్రధాని కింద ఉంచింది. ఇమామ్‌లు సర్కారు జీతగాళ్లయ్యారు. ఇప్పుడు ఆ సంస్థ కింద 80 వేలకు పైగా మసీదులున్నాయి, శుక్రవారం ప్రసంగం అంకారాలో తయారవుతుంది. మన దేవాదాయ శాఖతో పోల్చాలనిపిస్తుంది కానీ, మన దగ్గర ఈవో హుండీ లెక్క చూస్తాడు తప్ప పూజారి ఏం మాట్లాడాలో రాసివ్వడు. టర్కీలో 'లాయిక్లిక్' అనే మాటకు అర్థం ఇక్కడే ఉంది. వినడానికి మన లౌకికం లాగే ఉన్నా చుట్టరికం ఏమీ లేదు, అది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. మతం నుంచి రాజ్యం తప్పుకోవడం ఒక పద్ధతి. మతాన్ని రాజ్యం తన చంకలో ఇరికించుకోవడం ఇంకొకటి. టర్కీ రెండోది పట్టుకుంది. తర్వాతి వందేళ్ల గొడవ చాలావరకు ఈ ఎంపికలోంచే పుట్టిందని నా అభిప్రాయం.

సైన్యం సంగతీ అంతే. రాజకీయాలు కావాలంటే యూనిఫామ్ విప్పమన్నారు. విప్పి వచ్చిన జనరళ్లు కొందరు 1924 చివర్లో తొలి ప్రతిపక్ష పార్టీ పెట్టి, మత విశ్వాసాలను గౌరవిస్తామని తమ ప్రణాళికలో రాసుకున్నారు. తూర్పున కుర్దు మతపెద్ద షేక్ సయీద్ తిరుగుబాటు లేచాక, 1925 జూన్‌లో ఆ పార్టీని మూసేశారు. ఆ తర్వాత ఫెజ్ బదులు యూరప్ టోపీ పెట్టుకోమన్న టోపీ చట్టం వచ్చింది, సూఫీ మఠాలు మూతపడ్డాయి, స్విస్ సివిల్ కోడ్ వచ్చింది, అరబ్బీ లిపి పోయి లాటిన్ లిపి వచ్చింది. ఇస్లాం రాజ్య మతం అన్న వాక్యాన్ని 1928లో రాజ్యాంగం నుంచి కొట్టేశారు. 1937లో లౌకికత్వాన్ని అందులో చేర్చారు.

పల్లెల్లో జనానికి గుచ్చుకున్నది మాత్రం ఇవేవీ కాదు, అజాన్. 1932 నుంచి మినార్ల మీద "అల్లాహు అక్బర్" బదులు టర్కీ భాషలో "తన్రీ ఉలుదుర్" అనిపించారు. 1941లో అరబ్బీలో అజాన్ ఇస్తే శిక్ష అని చట్టమే చేశారు. తరతరాలుగా తెల్లారగట్ల నిద్ర లేపిన పిలుపు అది. మాటలకు అర్థం తెలియకపోయినా చెవికి తెలుసు. సుప్రభాతం రేపటి నుంచి సంస్కృతంలో వినిపించకూడదని జీవో వస్తే మన ఊళ్లలో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1950 మే 14న టర్కీలో మొట్టమొదటిసారి ఓటు ద్వారా అధికారం చేతులు మారింది. అద్నాన్ మెండెరెస్ ప్రధాని అయ్యాడు. నెల తిరగ్గానే, జూన్ 16న, అరబ్బీ అజాన్ మీద నిషేధం పోయింది. అతాతుర్క్ స్థాపించిన పార్టీ కూడా దానికి అడ్డు చెప్పలేదు, ఓటర్ల నాడి వాళ్లకూ తెలిసొచ్చింది. ఇమామ్‌లను తయారుచేసే ఇమామ్ హతీప్ బడులు 1951లో తెరుచుకున్నాయి. పదేళ్లు గడిచేసరికి మెండెరెస్ పత్రికల మీద, ప్రతిపక్షం మీద విరుచుకుపడటం మొదలుపెట్టాడు. అతన్ని దించడానికి మతం ఒక్కటే కారణం కాదన్నది మరిచిపోకూడదు. 1960 మే 27న సైన్యం దిగింది. మర్మరా సముద్రంలోని యస్సిఅదా దీవిలో విచారణ జరిపి, 1961 సెప్టెంబర్‌లో ఇద్దరు మంత్రులను, మర్నాడు మెండెరెస్‌నూ ఉరి తీశారు. ఉరి తీసిన అదే రాజ్యం తర్వాత ఇజ్మిర్ విమానాశ్రయానికి అతని పేరే పెట్టింది.

సైన్యాధిపతి పోగొట్టుకున్న కుర్చీ అప్పుడు దొరికింది. 1961 రాజ్యాంగం జాతీయ భద్రతా మండలిని సృష్టించింది. మంత్రులూ జనరళ్లూ అందులో ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. అదే ఏడాది చేసిన సైనిక అంతర్గత సేవల చట్టంలో 35వ ఆర్టికల్, దేశాన్నీ గణతంత్రాన్నీ కాపాడటం, కనిపెట్టి ఉండటం సైన్యం విధి అంది. ఎవరి నుంచి కాపాడాలో రాయలేదు. ఓటర్ల నుంచి కూడా అని జనరళ్లు చదువుకున్నారు. 1971లో ఒక్క లేఖతో ప్రభుత్వాన్ని ఇంటికి పంపారు.

ఈ కథలో అసలు మలుపు 1980 అని నేననుకుంటాను. వామపక్ష, మితవాద ముఠాలు వీధుల్లో చంపుకుంటున్న రోజులవి. సెప్టెంబర్ 12న జనరల్ కెనాన్ ఎవ్రెన్ పగ్గాలు పట్టాడు. లౌకికత్వానికి కాపలాదారుడిగా వచ్చిన మనిషి సభల్లో ఖురాన్ వాక్యాలు వల్లించాడు. కమ్యూనిజానికి విరుగుడు మతమేనని అతని లెక్క. బడుల్లో మత పాఠం తప్పనిసరి అని 1982 రాజ్యాంగంలో, 24వ ఆర్టికల్‌లో రాయించింది మౌల్వీలు కాదు, జనరళ్లు. చిన్నాచితకా పార్టీలు పార్లమెంటు గుమ్మం తొక్కకుండా దేశవ్యాప్తంగా 10 శాతం ఓట్లు రావాలన్న నిబంధన పెట్టిందీ వాళ్లే. ఈ నిబంధన గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నెజ్మెత్తిన్ ఎర్బకాన్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. 1970లో మతవాద పార్టీ పెట్టాడు, మూసేశారు. ఇంకోటి పెట్టాడు, 1980 కుట్ర తర్వాత అదీ పోయింది. మూడోది వెల్ఫేర్ పార్టీ. 1995 డిసెంబర్ ఎన్నికల్లో 21 శాతం పైచిలుకు ఓట్లతో మొదటి స్థానంలో నిలిచింది. 1996లో సంకీర్ణం కట్టి ఆయన ప్రధాని అయ్యాడు. 1997 ఫిబ్రవరి 4న అంకారా శివారు సింజాన్‌లో పొద్దున్నే షాపులు తెరుస్తున్నవాళ్లకు మెయిన్ రోడ్డు మీద ట్యాంకులు కనిపించాయి. కొద్దిరోజుల ముందు ఆ ఊరి మునిసిపాలిటీ 'జెరూసలెం రాత్రి' పేరుతో ఒక మతవాద సభ జరిపింది, ఇది దానికి జవాబు. ఫిబ్రవరి 28న భద్రతా మండలిలో ప్రధాని ముందు 18 డిమాండ్ల జాబితా పెట్టారు. జూన్‌లో ఆయన దిగిపోయాడు, మరుసటి జనవరిలో పార్టీని కోర్టు రద్దు చేసింది. ఒక్క తూటా పేలలేదు. ఇమామ్ హతీప్ బడుల్లో మిడిల్ స్కూల్ తరగతులు ఎత్తేశారు. యూనివర్సిటీ గేట్ల దగ్గర తలకు స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయిలను వెనక్కి పంపడం నిత్యకృత్యమైంది. 1999లో స్కార్ఫ్‌తో వచ్చిన ఎంపీ మెర్వే కవాక్చీ ప్రమాణం చేయలేకపోయింది. ఆమెను గెలిపించిన ఓట్లు బల్లల చప్పుళ్లలో కొట్టుకుపోయాయి. అవసరమైతే ఈ ఫిబ్రవరి 28 వెయ్యేళ్లు సాగుతుందని సైన్యాధిపతి కివ్రికోగ్లు అన్నాడు.

ఆ మాట తర్వాత మూడేళ్లే సాగింది.

ఇస్తాంబుల్ మేయర్ ఎర్డోగాన్ 1997లో ఒక సభలో చదివిన కవితకు పది నెలల శిక్ష పడింది, నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. ఇక ఊరి సర్పంచ్ కూడా కాలేడని అప్పట్లో పత్రికలో హెడ్డింగ్ వచ్చింది. అతను చదువుకున్నది ఇమామ్ హతీప్ బడిలోనే. 2001లో పెట్టిన ఏకే పార్టీ 2002 నవంబర్‌లో 34 శాతం ఓట్లతో 550లో 363 సీట్లు కొట్టింది. మిగతా పార్టీల్లో ఒక్కటి తప్ప అన్నీ ఆ 10 శాతం గుమ్మం దగ్గర ఆగిపోవడమే దీనికి కారణం. జనరళ్లు తవ్విన గొయ్యి వాళ్లకే మిగిలింది.

యూరోపియన్ యూనియన్‌లో చేరాలంటే సైన్యాన్ని బారక్‌లకు పంపాలి. అది ఎర్డోగాన్‌కు అందివచ్చిన సాకు. 2003లో భద్రతా మండలి అధికారాలు కత్తిరించాడు. 2007 ఏప్రిల్ 27 రాత్రి పదకొండు దాటాక సైన్యం వెబ్‌సైట్‌లో ఒక ప్రకటన ప్రత్యక్షమైంది. అబ్దుల్లా గుల్‌ను అధ్యక్షుణ్ని చెయ్యబోతున్నారు, ఆయన భార్య స్కార్ఫ్ కట్టుకుంటుంది. లౌకికత్వం విషయంలో మేము పక్షం వహిస్తామని ఆ ప్రకటన సారాంశం. 1971లో అయితే ప్రధాని టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఈసారి మర్నాడే ప్రభుత్వ ప్రతినిధి, సైన్యాధిపతి ప్రధానికి జవాబుదారీ అని గుర్తుచేశాడు. జూలై ఎన్నికల్లో ఏకే పార్టీకి 46 శాతం పైన ఓట్లు పడ్డాయి, గుల్ అధ్యక్షుడయ్యాడు. 2008లో పార్టీని రద్దు చెయ్యాలన్న కేసు ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. పదకొండుమంది జడ్జీల్లో ఏడుగురు కావాలి, ఆరుగురే ఒప్పుకున్నారు.

ఆ తర్వాత జరిగిందాన్ని 'ప్రజాస్వామ్యం గెలిచింది' అని రాసేసి చేతులు దులుపుకున్నవాళ్లు అప్పట్లో చాలామంది. ఎర్గెనెకాన్, బాల్యోజ్ కేసుల్లో వందలమంది అధికారులను కుట్ర ఆరోపణపై జైల్లో వేశారు. 2003లో రాసిన కుట్ర పత్రాలని కోర్టుకిచ్చిన సీడీలో కాలిబ్రీ అక్షరాలు కనిపించాయి. ఆ ఫాంట్ జనంలోకి వచ్చింది ఆఫీస్ 2007తో. అయినా 2012లో 300 మందికి పైగా శిక్షలు పడ్డాయి. 2015లో వాళ్లంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. కేసులు నడిపిన పోలీసుల్లో, ప్రాసిక్యూటర్లలో ఎక్కువమంది అప్పట్లో అమెరికాలో ఉంటున్న మతగురువు ఫెతుల్లా గులెన్ మనుషులని పేరు. ఖాళీ అయిన కుర్చీల్లోకి ఎవరెక్కారన్నది 2013లో గులెన్‌తో చెడాకగానీ ఎర్డోగాన్‌కు టెన్షన్ పుట్టించలేదు.

2016 జూలై 15 రాత్రి బోస్ఫరస్ వంతెన మీద సైనికులు అడ్డం నిలబడ్డారు, పార్లమెంటు మీద బాంబులు పడ్డాయి. ఎర్డోగాన్ ఒక టీవీ యాంకర్ సెల్‌ఫోన్ తెర మీద కనిపించి జనాన్ని రోడ్డెక్కమన్నాడు. ఇంకో గొంతు కూడా లేచింది. దియానెత్ ఆదేశంతో మసీదు మైకులన్నిటిలో రాత్రంతా 'సలా' మోగింది. మామూలుగా ఎవరైనా పోయినప్పుడు, శుక్రవారం నమాజుకు ముందు వినిపించే పిలుపు అది. మతాన్ని అదుపులో పెట్టడానికి 429వ చట్టం కట్టిన యంత్రం సైనిక కుట్రకు ఎదురు నిలబడింది. ఆ రాత్రి 250 మందికి పైగా చనిపోయారు. కుట్ర విఫలమైంది, నింద గులెన్ మీద పడింది, ఆయన కాదన్నాడు. తర్వాత లక్ష మందికి పైగా ప్రభుత్వోద్యోగులను తీసేశారు. సైనిక హైస్కూళ్లు మూసేసి, అకాడమీలను కొత్త యూనివర్సిటీ కిందికి తెచ్చారు. 2017 రెఫరెండంలో 51 శాతం ఓట్లతో ప్రధాని పదవే పోయింది. అధికారమంతా అప్పటికే అధ్యక్షుడైన ఎర్డోగాన్ చేతికొచ్చింది, దియానెత్ కూడా ఇప్పుడు ఆయన కిందే. 1934 నిర్ణయంతో మ్యూజియం అయిన ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియా 2020 జూలైలో మళ్లీ మసీదైంది. మొదటి శుక్రవారం దియానెత్ అధిపతి చేతిలో కత్తి పట్టుకుని ప్రసంగ వేదిక ఎక్కాడు.

2024 ఆగస్టు 30న అంకారాలో సైనిక అకాడమీ స్నాతకోత్సవం జరిగింది. అధికారిక కార్యక్రమం ముగిశాక కొత్త లెఫ్టినెంట్లు గుంపుగా చేరి కత్తులు పైకెత్తి, "మేం ముస్తఫా కెమాల్ సైనికులం" అని అరిచారు. లౌకిక గణతంత్రం అన్న మాట ఉన్న పాత ప్రమాణం చదివారు. ఆ ప్రమాణాన్ని అప్పటికే కార్యక్రమం నుంచి తీసేశారు. వీడియో దేశమంతా తిరిగింది. 2025 జనవరి 31న ఐదుగురు లెఫ్టినెంట్లను, ముగ్గురు పై అధికారులను సైన్యం నుంచి తొలగించారు. వాళ్లలో ఆ ఏడు అకాడమీ ఫస్ట్ వచ్చిన అమ్మాయి ఉంది. నినాదానికి కాదు, క్రమశిక్షణ తప్పినందుకని రక్షణ శాఖ చెప్పింది.