సగం సగం అన్నారు, ఏడు రాష్ట్రాలూ ఒకవైపే ఎందుకు పడ్డాయి?

2024 నవంబరు 5న అమెరికాలో పోలింగ్ మొదలవబోతుండగా, ఎన్నికల అంచనాలకు పేరుపడ్డ నేట్ సిల్వర్ తన కంప్యూటర్ మోడల్‌ను చివరిసారి నడిపారు. ఎన్నికను కంప్యూటర్లో 80,000 సార్లు జరిపిస్తే కమలా హారిస్ 40,012 సార్లు గెలిచారు. శాతాల్లో చెప్పాలంటే 50.015. ఇంతకంటే హోరాహోరీ పోటీ ఉండదు కదా అనుకున్నారు అందరూ. తీరా లెక్కింపు పూర్తయ్యేసరికి ఎటైనా మొగ్గగల స్వింగ్ రాష్ట్రాలు ఏడూ ట్రంప్ ఖాతాలోనే పడ్డాయి, 312–226 ఎలక్టోరల్ ఓట్లతో ఆయన గెలిచారు. ఇంకేముంది, సర్వేలన్నీ బోగస్ అని అక్కడా ఇక్కడా ఒకటే గోల.

నేను ఆ మాట ఒప్పుకోను. ఎందుకంటే ఆ 80,000 ఫలితాల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ఫలితం ట్రంప్ ఏడు రాష్ట్రాలూ ఊడ్చేయడమే. దాని తర్వాతి స్థానం హారిస్ ఏడూ ఊడ్చేయడానిది. అంటే మోడల్ చెప్పిందేమిటంటే, ఎవరు గెలుస్తారో తెలియదు గానీ గెలిచినవాళ్లు మొత్తం పట్టుకుపోయే అవకాశం బాగా ఉంది అని. ఎవరు గెలుస్తారో తెలియకపోవడం ఒకటి, కొద్ది తేడాతో గెలవడం ఇంకొకటి. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే జనం, టీవీ చానళ్లు కూడా, బోల్తా పడుతున్నారు.

ముందు అక్కడి పద్ధతి గుర్తుచేసుకోవాలి. రాష్ట్రాలవారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు మొత్తం 538, వాటిలో 270 వస్తే అధ్యక్షుడు. మెయిన్, నెబ్రాస్కా తప్పితే మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లకే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ వెళ్తాయి. అందుకే 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడిపోయారు, విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మూడింట్లో కలిపి దాదాపు 78,000 ఓట్ల తేడా ఆమెను ముంచింది. 2020లో బైడెన్‌ది ఇంకా విచిత్రం. దేశంలో 70 లక్షల ఆధిక్యం, కానీ అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో కలిపి ఉన్న సుమారు 43,000 ఓట్ల ఆధిక్యం లేకుండా ఆ మూడూ చేజారితే ఇద్దరికీ 269–269. పిల్లల వీసా ఏమవుతుందోనని ఇక్కడ మన ఇళ్లలో టెన్షన్ పడుతూ టీవీ చూసినవాళ్లు ఎంతమందో, ఆ టెన్షన్ అంతా నిజానికి ఈ కొద్ది వేల ఓట్ల మీదే నడిచింది.

ఇప్పుడు అసలు సంగతి. వెయ్యి మందిని అడిగి చేసే సర్వేలో మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే అంచనా అటూ ఇటూ తప్పే హద్దు, మూడు శాతం అని కింద చిన్న అక్షరాల్లో వేస్తారు. అది ఒక్కో అభ్యర్థికి వచ్చే ఓట్ల శాతానికి సంబంధించింది. ఒకరికి మూడు పెరిగితే రెండోవాళ్లకు దాదాపు మూడు తగ్గుతుంది కాబట్టి, ఇద్దరి మధ్య తేడా విషయానికొచ్చేసరికి అది ఆరు శాతం దాకా అటూ ఇటూ ఊగుతుంది. పైగా ఈ లెక్క శాంపిల్ ఎంపికలో అదృష్టం వల్ల వచ్చే తప్పును మాత్రమే పట్టుకుంటుంది. గణాంకవేత్త ఆండ్రూ గెల్మన్, ఆయన సహచరులు కలిసి 1998 నుంచి 2014 దాకా ఎన్నికల ముందు జరిగిన 4,000కు పైగా పోల్స్‌ను, అంటే సర్వేలను, అసలు ఫలితాలతో పోల్చి చూస్తే, నిజంగా జరిగే తప్పు ప్రకటించిన దానికి సుమారు రెట్టింపు ఉంటుందని తేలింది.

ఆ మిగతా సగం ఎక్కణ్ణుంచి వస్తుందో 2016లో న్యూయార్క్ టైమ్స్ వాళ్లు చేసిన ఒక ప్రయోగం చూస్తే బాగా అర్థమవుతుంది, నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది కూడా అదే. ఫ్లోరిడాలో 867 మంది ఓటర్లతో మాట్లాడి, ఆ జవాబులను ఏ మార్పూ చేయకుండా నాలుగు నిపుణుల బృందాలకు ఇచ్చారు. ఫోన్లు చేసింది ఒక్కసారే, జవాబులు అవే. కానీ లెక్క కట్టి తెచ్చిన ఫలితాలు మాత్రం వేరు. ఒకరు క్లింటన్ 4 పాయింట్లు ముందు అన్నారు, ఒకరు 3 అన్నారు, ఒకరు 1 అన్నారు, ఒకరు ట్రంపే 1 పాయింటు ముందున్నారన్నారు. పత్రిక సొంత లెక్కలో క్లింటన్‌కు 1. అందరూ అనుభవజ్ఞులే, ఎవరూ మోసం చేయలేదు. ఫోనెత్తినవాళ్లలో పెద్దవయసువాళ్లు ఎక్కువైతే కుర్రవాళ్ల జవాబుకు ఎంత బరువు ఇవ్వాలి, ఓటేస్తానన్నవాళ్లలో నిజంగా బూత్‌కు వెళ్లేదెవరు, ఇలాంటి చోట్ల ఒక్కొక్కరూ ఒక్కో నిర్ణయం తీసుకున్నారంతే. ఐదు పాయింట్ల తేడా ఆ నిర్ణయాల్లోంచి పుట్టింది. ఫ్లోరిడా చివరికి ట్రంప్‌కు 1.2 పాయింట్లతో వెళ్లింది.

ఈ బరువుల గొడవ ఎందుకంటే జనం ఫోనెత్తడం మానేశారు. అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ టెలిఫోన్ సర్వేల్లో 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవారు, 2018కి అది 6కు పడిపోయింది. మిగతా 94 మంది కూడా ఈ ఆరుగురిలాంటివాళ్లే అయితే ఇబ్బంది లేదు, కానీ కాకపోతే? 2016లో డిగ్రీ చదివినవాళ్లు సర్వేలకు ఎక్కువగా జవాబిచ్చారు, వాళ్లు క్లింటన్ వైపు మొగ్గారు, చాలా రాష్ట్రాల పోల్స్‌లో చదువును బట్టి సరిచేయలేదు. సరే, 2020కి చాలామంది ఆ లోపం దిద్దుకున్నారు. అయినా ఆ ఏడాది తప్పు ఇంకా పెరిగింది, 40 ఏళ్లలో అంత తప్పు రాలేదని సర్వేవాళ్ల వృత్తి సంఘమే సమీక్షించి చెప్పింది, కచ్చితమైన కారణం మాత్రం తేల్చలేకపోయింది. విస్కాన్సిన్‌లో బైడెన్ సగటున 8 పాయింట్లు ముందున్నారన్నారు, గెలిచింది 0.6తో. ఒకే వయసు, ఒకే చదువు, ఒకే ఊరు అయినా, సర్వేవాళ్లతో మాట్లాడటానికి ఇష్టపడే మనిషికీ ఫోన్ పెట్టేసే మనిషికీ రాజకీయాల్లోనే తేడా ఉండొచ్చన్నది బలమైన అనుమానం. అదే నిజమైతే ఎంతమందిని అడిగినా లాభం లేదు. తక్కెడలోనే తేడా ఉంటే వందసార్లు తూచినా అదే తప్పు బరువు వస్తుంది. పది సర్వేల సగటు తీసినా అంతే.

ఆ తేడా ఒక్క రాష్ట్రానికే పరిమితం కాదు. విస్కాన్సిన్‌లో సర్వేకు చిక్కని ఓటరు మిషిగన్‌లోనూ చిక్కడు. చిన్న లెక్క వేసి చూడండి. మూడు రాష్ట్రాల్లో ఒక్కోచోట అంచనా తారుమారయ్యే అవకాశం 20 శాతం అనుకుందాం. వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే మూడూ కలిసి తారుమారయ్యే అవకాశం 0.8 శాతం, వందలో ఒకటి కూడా కాదు. మూడూ ఒకే కారణంతో కదిలేవైతే అది సరిగ్గా 20 శాతం. 2016లో ప్రిన్స్‌టన్‌కు చెందిన శామ్ వాంగ్ మోడల్ క్లింటన్ గెలుపుకు 99 శాతం ఇస్తే, సిల్వర్ మోడల్ 71 శాతమే ఇచ్చింది. ఇద్దరూ చూసింది దాదాపు అవే పోల్స్. అన్నిచోట్లా ఒకేసారి తప్పు జరగొచ్చన్న భయానికి ఎంత చోటిచ్చారన్నదే పెద్ద తేడా. సిల్వర్ పెట్టుకున్న ఆ భయమే ఈ శాస్త్రానికి ప్రాణం అని నా అభిప్రాయం, మిగతా గణితమంతా దాని తర్వాతే.

ఇక సర్వే సంస్థల గుంపు మనస్తత్వం. ఇద్దరూ నిజంగా సమానంగా ఉన్నా, 800 మందిని అడిగే సర్వేలు ఒకసారి ఐదు పాయింట్లు ఇటు, ఒకసారి నాలుగు పాయింట్లు అటు చూపించాలి, అది గణితం. 2024 చివర్లో స్వింగ్ రాష్ట్రాల పోల్స్ చాలావరకు ఒకటి రెండు పాయింట్ల లోపే వచ్చి కూర్చున్నాయి. వేరుగా వచ్చిన సర్వేను బయటపెట్టడానికి భయపడటమో, మిగతావాళ్లకు దగ్గరగా వచ్చేదాకా బరువులు సవరించుకోవడమో జరిగితే తప్ప అంత పొందిక రాదు. అదే సమయంలో అయోవా రాష్ట్రంలో సర్వేలు చేసే యాన్ సెల్జర్ 808 మందిని అడిగి, హారిస్ 47, ట్రంప్ 44 అని వచ్చింది వచ్చినట్టే ప్రచురించారు. ట్రంప్ అక్కడ 13 పాయింట్లతో గెలిచారు. ఘోరమైన తప్పే, కాదనను. కానీ 2016లోనూ 2020లోనూ అందరికీ భిన్నంగా చెప్పి నిజానికి దగ్గరగా వచ్చింది కూడా ఆవిడే. నలుగురితో పాటు నారాయణా అనకుండా లెక్క చూపించింది చూపించినట్టు చెప్పేవాళ్లు లేకపోతే సగటు తీయడానికి కూడా విలువుండదు, అందుకే నాకు ఆవిడంటే గౌరవం తగ్గలేదు.

పోల్స్ వద్దు, ఆర్థిక వ్యవస్థ, యుద్ధాలు, కుంభకోణాలు చూసి చెప్పేస్తామనే పద్ధతులూ ఉన్నాయి. చరిత్రకారుడు ఆలన్ లిక్ట్‌మన్ 13 ప్రశ్నల పద్ధతి అలాంటిదే, 2024లో హారిస్ అని చెప్పి తప్పింది. నాలుగేళ్లకొకసారి జరిగే ఎన్నికలు ఎన్నున్నాయని, ఆ కాసిన్నింటి మీద పద్ధతిని పరీక్షించుకోవడానికి? హోరాహోరీ పోటీలో ఇవి పెద్దగా పనికిరావు.

పోలింగ్ ముగిశాక కూడా ఊరట ఉండదు. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం పోస్టల్ బ్యాలెట్ల కవర్లు పోలింగ్ రోజు ఉదయం 7 దాకా తెరవకూడదు. 2020లో అందుకే ముందు బూత్ ఓట్లు లెక్కకొచ్చి ట్రంప్ 6 లక్షలకు పైగా ఆధిక్యంలో కనిపించారు, పోస్టల్ ఓట్లు కలిసేకొద్దీ అది కరిగిపోయి చివరికి బైడెన్ సుమారు 80,000తో గెలిచారు. ఎవరి ఓట్లు ఎప్పుడు లెక్కిస్తారో తెలియకుండా అర్ధరాత్రి ఆధిక్యాలు చూసి గుండెలు బాదుకోవడం దండగ.

2000లో ఫ్లోరిడా అయితే లెక్కింపుకే అంతుచిక్కలేదు. టీవీ చానళ్లు సాయంత్రం అల్ గోర్ గెలిచారన్నాయి, రాత్రి వెనక్కి తీసుకున్నాయి, తెల్లవారుజామున బుష్ అన్నాయి, అదీ వెనక్కి తీసుకున్నాయి. మొదటి లెక్కలో బుష్ ఆధిక్యం 1,784. అవే బ్యాలెట్లను యంత్రాల్లో రెండోసారి వేస్తే 327కు తగ్గింది. డిసెంబరు 12న సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో రీకౌంటింగ్ ఆపేసేటప్పటికి అధికారిక అంకె 537, పోలైన 59 లక్షలకు పైగా ఓట్లలో 0.009 శాతం.