బుడ్డలంటే బిడ్డలనుకునే ఫోను: సీమ తెలుగు ఏఐకి ఎందుకు అందలేదు

కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో చిన్నాయనకు ఆరెకరాల చేను ఉంది. పోయిన ఖరీఫ్‌లో ఆకుల మీద నల్ల మచ్చలు కనిపించగానే, కొడుకు నేర్పించినట్టు ఫోను నోటి దగ్గర పెట్టుకుని అడిగాడు: "బుడ్డలకు మచ్చలు పడినాయి, ఏం మందు కొట్టల్ల?"

తెర మీద "బిడ్డలకు మచ్చలు" అని పడింది. పిల్లల ఒంటి మీద మచ్చలుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలని జవాబు వచ్చింది. మా దగ్గర బుడ్డలంటే వేరుశనగ. మూడుసార్లు గట్టిగా అడిగి, ఫోను జేబులో పెట్టుకుని, చిన్నాయన మందుల అంగడికి పోయాడు.

ఆయన చెప్పింది యంత్రానికి వినపడకపోలేదు. మాటను అక్షరాలుగా మార్చేటప్పుడు అది శబ్దం ఒక్కటే చూడదు. తాను నేర్చుకున్న తెలుగులో ఆ చోట ఏ మాట ఎక్కువగా వస్తుందో కూడా లెక్కేస్తుంది. బిడ్డలు వేల సార్లు కనిపించి, బుడ్డలు దాదాపు కనిపించకపోతే ఆ లెక్క ఎటు మొగ్గుతుందో తెలిసిందే. మరి యంత్రం నేర్చుకున్న తెలుగులో మా మాట ఎందుకు లేదు? దీని వెనుక చాలా ఏళ్ల కథ ఉంది.

విచిత్రంగా, మాటల్ని వెతికి పోగుచేసే పని తెలుగులో పెద్ద ఎత్తున జరిగిన చోట్లలో కడప ఒకటి. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి సీపీ బ్రౌన్ తర్వాత ఇక్కడే బంగళా కొన్నాడు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యాల మాటలతో పాటు జనం నోట్లో నలిగే మాటలకూ చోటు దొరికింది. మేం గేదెను ఎనుము అంటాం. ఆ మాట అందులో ఉంది. కచేరీల్లో, బజార్లలో కలిసిపోయిన ఉర్దూ, పారసీ మాటలకైతే విడిగా ఇంకో నిఘంటువే వేశాడు. ఆయన బంగళా ఉన్న ఎర్రముక్కపల్లెలో ఈరోజు బ్రౌన్ పేరు మీద భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి నిలబెట్టిన చోటు అది.

ఆ తర్వాత అంత శ్రద్ధగా జనం దగ్గరికి పోయింది భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు. ఆయన వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశం 1962లో వచ్చింది. నాగలిలో, కాడిలో ఒక్కో భాగాన్నీ ఏ జిల్లా రైతు ఏమంటాడో ఊరూరా అడిగి రాసుకున్న పని అది. తెలుగు మాండలికాలను నాలుగుగా విడదీసి, అందులో మాది దక్షిణ మాండలికమని చూపించిందీ ఆయనే.

కానీ పత్రికలకు, పాఠ్యపుస్తకాలకు, సినిమాకు ఎక్కిన తెలుగు వేరు. కృష్ణా, గోదావరి ప్రాంతాల చదువుకున్నవాళ్ల మాట శిష్ట వ్యావహారికం, అంటే రాతకు ఒప్పుకున్న వాడుక భాష, అయింది. అందులో తప్పేమీ లేదు, అందరికీ ఉమ్మడిగా ఒక భాష కావాలి. కాకపోతే మా "వచ్చాండాడు", "పోవల్ల" కథల్లో సంభాషణలకే మిగిలిపోయాయి.

కంప్యూటర్ వచ్చాక ఇంకో గండం ఎదురైంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకైతే అసలు నష్టం ఇక్కడే జరిగిందనిపిస్తుంది. అనంతపురంలో గడియారస్తంభం దగ్గర ఏ డీటీపీ సెంటర్‌కు పోయినా పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో పని చేసేవాళ్లు కనిపిస్తారు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, సీమ రచయితల కథల పుస్తకాలు, అన్నీ అట్లే తయారయ్యాయి. తెర మీద చక్కని తెలుగే కనిపిస్తుంది. లోపల మాత్రం ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ ఫైలును ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరకవు, యంత్రం చదవలేదు. ఒక తరం సీమ రాత ఆ హార్డ్‌డిస్కుల్లోనే ఉండిపోయింది. హార్డ్‌డిస్కు పాడైతే అదీ లేదు.

ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగేట్టు ప్రతి లిపిలోని అక్షరాలకూ సొంత సంకేతాలు ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మామూలు కంప్యూటర్లలోకి సరిగ్గా దిగింది విండోస్ ఎక్స్‌పీతోనే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒకే ఒక్క తెలుగు అక్షరం "జ్ఞా", మధ్యలో కంటికి కనపడని ఒక సంకేతంతో కలిసి మెసేజ్‌లో వస్తే యాప్‌లు మూతపడేవి. ఆ నెలలోనే యాపిల్ సరిచేసింది. యూనికోడ్ వచ్చి ఇరవై ఏడేళ్లయినా పరిస్థితి అది.

ఆ "జ్ఞా"నే విప్పి చూద్దాం. మనకు ఒక్క అక్షరం. యంత్రానికి జ, పొల్లు, ఞ, దీర్ఘం అని నాలుగు ముక్కలు, ఒక్కోదాన్ని దాచుకోవడానికి మూడు బైట్ల చోటు, మొత్తం పన్నెండు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటి చాలు. చాట్‌జీపీటీ లాంటివాటిని నడిపే భాషా మోడళ్లు పదాలను టోకెన్లనే తునకలుగా కోసి చదువుతాయి. ఇంగ్లీషు చూసి తయారైన కత్తి తెలుగును మరీ సన్నగా తరిగేసేది. 2024 మేలో జీపీటీ-4ఓ అనే మోడల్ విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ తానే ఒక ఉదాహరణ చూపించింది. ఒక చిన్న పరిచయ వాక్యానికి తెలుగులో అంతకుముందు 159 టోకెన్లు పట్టేవి, కొత్తదానిలో 45కు తగ్గాయి. అదే వాక్యానికి ఇంగ్లీషులో 24. టోకెన్లు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, గుర్తుంచుకునే చోటు తగ్గుతుంది.

మాట విషయానికొస్తే, గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు 2017లో వచ్చింది. 2022లో కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషలకు అనువాదం, మాట గుర్తింపు అందించే భాషిణి మొదలుపెట్టి, భాషాదాన్ పేరుతో జనం గొంతులు అడిగింది. మంచి పనే, నేనూ కొన్ని వాక్యాలు ఇచ్చాను. కానీ తెర మీద ఇచ్చిన వాక్యాన్ని చూసి చదవాలి. చదివితే నా యాస ఎక్కుతుంది గానీ, ఆ వాక్యంలో బుడ్డలు లేనప్పుడు బుడ్డలు ఎట్ల ఎక్కుతాయి? మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ అనే పరిశోధన బృందం 2024లో విడుదల చేసిన ఇండిక్‌వాయిసెస్ అనే గొంతుల సేకరణలో ఈ లోటు కొంత తీరింది. 22 భాషల్లో, ఎక్కువ భాగం జనం తమంతట తాము మాట్లాడిందే రికార్డు చేశారు. బ్రౌన్ పండితులు, భద్రిరాజు గారి బృందం నడిచిన దారి ఇదే. ఇట్లాంటి పని ప్రతి మండలంలో జరగాలి.

తొందర పడడానికి కారణం ఉంది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. రేపు ఇట్లాంటివి నోటిమాటతో నడిస్తే, టైపు చేయడం రాని మా పెద్దవాళ్లకే ఎక్కువ మేలు. వాళ్ల మాటే దానికి అర్థం కాకపోతే మళ్లీ ఎవరినో బతిమాలుకోవాల్సిందే.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చూస్తే, చిన్నాయన ఫోనుతో "వేరుశనగ పంటకు" అని వార్తలు చదివినట్టు ఆగి ఆగి చెప్తున్నాడు. జవాబు సరిగ్గానే వచ్చింది. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి, గొర్రుతో విత్తనం వేసే దగ్గర్నుంచి గుంటక పాయడం, బుడ్డలు ఒలవడం, కట్టె వామి వేయడం దాకా దేన్ని ఏమంటారో అడిగాను. ఆయన చెప్తాంటే చిన్నమ్మ మధ్యమధ్యలో సరిదిద్దుతాండింది. నలభై నిమిషాల రికార్డింగ్ వచ్చింది. ఎక్కించేది ఇంకా మిగిలే ఉంది.