రోజుకు నాలుగు వేలంటే నెలకు లక్షా ఇరవై కాదు

పోయిన వారం ఊరి నుంచి మళ్లీ అదే ఫోన్. ఈసారి వరసకు కొడుకయ్యే కుర్రాడు. "బాబాయ్, సీరియల్‌లో హీరో మేనమామ వేషం ఓకే అయింది. రోజుకు 4,000. అంటే నెలకు లక్షా ఇరవై వేలు! ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా." వెనక నుంచి వాళ్లమ్మ గొంతు: "ముందు ఆయనేమంటాడో వినరా." ఈ లెక్క నాకు చెప్పినవాళ్లలో వీడెన్నోవాడో గుర్తులేదు. పరిషత్తు నాటకాలు వదిలి, సీరియల్ వేషాల కోసం హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది తీసుకున్న రోజున నేనూ ఇదే లెక్క వేసుకున్నాను. అందుకే వాణ్ణి తిట్టలేకపోయాను.

అపోహ: రోజు రేటును ముప్పైతో హెచ్చవేస్తే నెల జీతం.

వాస్తవం: మాది జీతం కాదు, రోజు కూలి. కథలో మన మొహం అవసరమైన రోజులకే కాల్‌షీట్, అంటే షూటింగ్‌కు పిలుపు. నేను చేసిన యూనిట్లలో ఎక్కువ భాగం నెలకు సగం రోజులు షూటింగ్ చేసి, ఎపిసోడ్లు ముందే తీసి నిల్వ పెట్టుకుంటాయి. ఆ సగంలో హీరోయిన్‌కే అన్ని రోజులూ పని ఉండదు, మేనమామకు ఎక్కణ్ణుంచి వస్తుంది? తొమ్మిది రోజులు పిలిచారనుకోండి, 36,000. అందులో టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లే ముందుగా కోసే ఆదాయపన్ను, పది శాతం, 3,600. నాకైతే మేనేజర్ కమీషన్ ఇంకో 3,600. మిగిలింది 28,800. అదీ ఈ నెల చేతికి రాదు. రెండు నెలలు మామూలు, మూడైనా ఎవరూ ఆశ్చర్యపోరు. ఒక చోట నేను ఎనిమిది నెలలు తిరిగాను.

ఇక బట్టలు. మాలాంటి వేషాలకు చాలాచోట్ల బట్టలు మనమే తెచ్చుకోవాలి. గొప్పింటి మేనమామ అయితే మరీ ఖర్చు. ఒకసారి పెళ్లి ట్రాక్ మూడు వారాలు సాగింది. కథలో మాత్రం ఒక్క ముహూర్తమే. మూడు వారాలూ అదే సిల్కు లాల్చీ. ఉతికితే రంగు తేడా వస్తుందని కంటిన్యూటీ (ఒక సీనుకూ ఇంకో సీనుకూ తేడా రాకుండా) చూసే అబ్బాయి ఉతకనివ్వలేదు. తాళి కట్టే సీను వచ్చేసరికి పక్కన నిలబడ్డ పెళ్లికూతురి తండ్రి ముక్కు మూసుకోలేక ఏడుస్తున్నట్టు నటించాడు. టేక్ ఓకే.

టీడీఎస్ సంగతి ఇంకొక్క ముక్క. కోసిన డబ్బు పోయినట్టే అనుకుని రిటర్న్ వెయ్యనివాళ్లు మాలో ఎంతమందో. పన్ను పడేంత ఆదాయం లేకపోతే, రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. మీ పేరున ఉన్న టీడీఎస్ స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి. మన దగ్గర కోసింది మన పేరున కట్టారో లేదో అక్కడే తేలుతుంది.

"రెండు సీరియళ్లు పట్టుకుంటే సరిపోతుంది కదా?" సరిపోతుంది, రెండు యూనిట్లూ ఒకే తారీఖు అడగనంత వరకు. అడుగుతారు. అడిగినప్పుడు ఒకరికి కాదనాలి. కాదనిపించుకున్నవాళ్లు మేనమామను అమెరికా పంపించేస్తారు.

లేదా చంపేస్తారు. నేను చచ్చిపోయిన సంగతి నాకు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు చెప్పాడు. "సార్, మీ ఫోటో మంచిదొకటి వాట్సాప్ చెయ్యండి, పెద్దది, నవ్వుతున్నది." ఏదో పోస్టర్‌కేమో అనుకుని, మా అమ్మాయి పెళ్లిలో తీసింది పంపాను. మర్నాడు కోడైరెక్టర్ ఫోన్: "ఈ షెడ్యూల్లో మీరు లేరండీ." టీవీలో చూస్తే హాల్లో గోడ మీద దండ వేసుకుని నేనే. కొత్త లోన్ మీద స్కూటర్ కొని నెల కాలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు నా భార్య పాత్ర రోజూ ఆ ఫోటోతో కష్టసుఖాలు చెప్పుకుంది. ఫోటోకు పేమెంట్ లేదు, అడిగాను.

పెద్ద సీరియల్ అయితే ఏళ్ల తరబడి పని ఉంటుందనేది ఇందులోంచి పుట్టిన ఇంకో భ్రమ. కార్తీకదీపం 2017లో మొదలై 2023 దాకా నడిచిన మాట నిజమే. దాన్ని చూసి ఈఎంఐలు పెట్టుకోకండి. దూరదర్శన్‌లో పదమూడు వారాలంటే పదమూడు వారాలని ముందే తెలిసేది. ఇప్పుడు గురువారం రేటింగులొస్తాయి, ఆ మధ్యాహ్నం సెట్లో అన్నం ఎవరికీ సరిగ్గా సహించదు. 2020 మార్చిలో ఆగిన షూటింగులు జూన్‌లో మళ్లీ మొదలయ్యాక, మా సెట్లో మనుషుల్ని తగ్గించి సీన్లు రాశారు. తగ్గించేటప్పుడు ముందు పోయేది మేనమామలే.

కుర్రాడికి చెప్పింది ఇదీ: రాజీనామా ఇవ్వకు. సెలవు పెట్టి మొదటి షెడ్యూల్ చెయ్యి. నెలకు కనీసం ఎన్ని రోజులిస్తారు, డబ్బు ఎన్నాళ్లకిస్తారు, బట్టలెవరివి, వేరే ఛానల్లో చెయ్యొచ్చా అని అడుగు. జవాబులు వాట్సాప్‌లోనైనా రాయించుకో. అడిగితే వేషం పోతుందేమోనని భయపడ్డాడు. ఆ భయం నాకు తెలుసు. ఇంత చిన్న ప్రశ్నలకే పోయే వేషం ఎలాగూ మూడో వారానికి ఫోటో అవుతుంది. వాళ్లమ్మ ఫోన్ లాక్కుని, "మరిదీ, ఇంకో రెండు మూడు ప్రశ్నలు చెప్పు," అంది.

మిగతావి గబగబా. వేషం ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ ఫీజనో పోర్ట్‌ఫోలియో అనో డబ్బడిగితే ఫోన్ పెట్టేయండి. దీని మీద చర్చ లేదు. మాలా పేరూ డైలాగూ ఉన్న వేషం వేసే క్యారెక్టర్ ఆర్టిస్టు, గుంపులో కనిపించే జూనియర్ ఆర్టిస్టు ఒకటి కాదు. జూనియర్ల యూనియన్ వేరు, వాళ్ల కష్టం ఇంకా వేరు. కథ ముందేమవుతుందో మాకు తెలియదు, సీన్ పేపర్ ఆ ఉదయమే వస్తుంది.

"ప్రాంప్టింగ్ ఉంటుందిగా, ఇక నటనేముంది?" అంటారు. ఓసారి ప్రయత్నించండి. అసిస్టెంటు పక్కనుంచి మీ డైలాగ్ అరుస్తూ ఉంటాడు. అది చెవిన పడాలి, పడనట్టు మొహం పెట్టాలి, ఎదుటివాళ్లు అప్పుడే అన్నట్టు ఉలిక్కిపడాలి. మధ్యలో పొద్దున పదింటికి వడ్డించిన పప్పన్నాన్ని సాయంత్రం నాలుగింటికి, ఏడో టేక్‌లో, వేడిగా ఉన్నట్టు ఊదుకుని తినాలి.

టీవీలో వినిపించే గొంతు మాదేనన్నది చివరి అపోహ. మొన్న తెనాలిలో ఒక పెళ్లికెళ్తే పిల్లలంతా చుట్టూ చేరి డైలాగ్ చెప్పమన్నారు. మొదటి సీరియల్‌లోది, కోడలిని ఇంట్లోంచి పొమ్మనేది, ఊపిరి బిగబట్టి చెప్పాను. నాకు డబ్బింగ్ చెప్పేది వేరే ఆయన, గంభీరమైన గొంతు. ఓ బుడ్డోడు సాంతం విని, "మీరు కాదులే అంకుల్," అని ఐస్‌క్రీమ్ కౌంటర్ వైపు వెళ్లిపోయాడు.