జాబితాకెక్కిన పేరు దిగేదెలా?

2025 ఆగస్టులో అమెరికా ఆంక్షలు విధించిన అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు జడ్జీల్లో కింబర్లీ ప్రోస్ట్ ఒకరు. ఆమె క్రెడిట్ కార్డులు పనిచేయడం మానేశాయి. ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాలోంచి తమ పేరు తీసేయమని మొరపెట్టుకునేవాళ్ల అర్జీలు విన్న తొలి అంబుడ్స్‌పర్సన్ కూడా ఆమే.

ఆ పదవిని భద్రతా మండలి దయతలచి పెట్టలేదు. 2001 దాడుల తర్వాత అల్‌ఖైదాతో సంబంధాలున్నాయంటూ మండలి కమిటీ వందల పేర్లను జాబితాకెక్కించింది. ఆధారమేంటో వాళ్లకు చెప్పేవారు కాదు. పేరు తీయాలంటే కమిటీలోని 15 దేశాలూ ఒప్పుకోవాలి.

యూసెఫ్ నాదా సంగతే చూడండి. ఈజిప్టులో పుట్టిన ఈ ఇటలీ వ్యాపారి ఉండేది కంపియోనేలో. అది ఇటలీదే, కానీ చుట్టూ స్విట్జర్లాండ్. విస్తీర్ణం చదరపు మైలు కూడా ఉండదు. జాబితాలో పేరుంది కాబట్టి మా నేల మీద కాలు పెట్టొద్దని స్విస్ ప్రభుత్వం చెప్పింది. వైద్యానికి వెళ్తానన్నా కుదరదంది. 2005లో స్విస్ ప్రాసిక్యూటర్లే ఆరోపణల్లో పస లేదని కేసు మూసేశారు. అయినా పేరు పోయింది 2009లో!

పేరు ఎక్కిస్తున్నామని ముందే చెబితే, స్తంభింపజేసేలోపే ఖాతాల్లో డబ్బు మాయమవుతుందని, ఐరాస చార్టర్ 103వ అధికరణం ముందు మిగతా ఒప్పందాలేవీ నిలవవని ప్రభుత్వాల వాదన. మొదటిది నిజమే. కానీ ఏళ్ల తరబడి విచారణే లేకపోవడానికి అది జవాబు కాదు.

మలుపు 2008 సెప్టెంబరు 3న వచ్చింది. అదే జాబితాకెక్కిన సౌదీ వ్యాపారి యాసిన్ కాదీ కేసులో లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం మండలి తీర్మానం జోలికి పోలేదు. దాన్ని అమలు చేసే యూరప్ నిబంధనను మాత్రం కాదీ వరకు కొట్టేసింది. తన వాదన చెప్పుకునే అవకాశమే ఆయనకు ఇవ్వలేదంది. యూరప్ ఇరుకున పడింది: కోర్టు మాట వింటే ఐరాసకు ఇచ్చిన మాట తప్పాలి. ఆ టెన్షన్‌లోంచే 2009 డిసెంబరులో అంబుడ్స్‌పర్సన్ పదవి పుట్టింది. 2011 నుంచి పేరు తీసేయమని అంబుడ్స్‌పర్సన్ సిఫారసు చేస్తే, 15 దేశాలూ కాదంటేనో, విషయం మండలికి వెళ్తేనో తప్ప అది ఆగదు. కాదీ పేరు 2012లో ఆ దారిలోనే పోయింది.

అయితే ఆ పదవి పరిధి అల్‌ఖైదా, ఐసిస్ జాబితా వరకే. ఐరాస మిగతా జాబితాల్లో ఉన్నవాళ్లకు ఫోకల్ పాయింట్ అనే కార్యాలయమే దిక్కు. నిర్ణయం మాత్రం పేరు ఎక్కించిన కమిటీదే.