ఆయుధాల పెట్టెలు ఎత్తబోమన్నవాళ్లు

2024 మే నెలలో మరియానే డానికా అనే సరుకు ఓడ కార్తజేనా రేవులో ఆగుతానంటే స్పెయిన్ ప్రభుత్వం కుదరదంది. అందులో దాదాపు 27 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి. అవి వెళ్తున్నది ఇజ్రాయెల్‌లోని హైఫాకు. బయల్దేరింది మాత్రం మన చెన్నై నుంచి. అంతకు మూడు నెలల ముందే వాటర్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఒక ప్రకటన చేసింది. ఇజ్రాయెల్‌కు వెళ్లే ఆయుధాలను తమ సభ్యులు ఎత్తరు, దించరు అని. 11 ప్రధాన పోర్టుల్లో 3,500 మందికి పైగా కార్మికులున్న సమాఖ్య అది.

పోర్టు కలాసీలకు విదేశాంగ విధానంతో పనేంటని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ ఈ పంచాయితీకి వందేళ్లు దాటాయి.

1920 మే 10న లండన్‌ ఈస్ట్ ఇండియా డాక్స్‌లో జాలీ జార్జ్ అనే ఓడ మీద సరుకెక్కించడానికి కార్మికులు ఒప్పుకోలేదు. పోలండ్ అప్పుడు సోవియట్ రష్యాతో యుద్ధంలో ఉంది. ఆ పెట్టెలు పోలండ్‌కు వెళ్తున్న ఆయుధాలని వాటి మీదే రాసి ఉంది, దాచే ప్రయత్నం కూడా ఎవరూ చేయలేదు. బొగ్గు వేసేవాళ్లు కూడా చేతులెత్తేయడంతో ఆయుధాలు దించేయక తప్పలేదు. 1938లో ఆస్ట్రేలియాలోని పోర్ట్ కెంబ్లాలో ఇదే గొడవ. చైనా మీద పడ్డ జపాన్‌కు తమ ఇనుము పంపితే అది బాంబులై తిరిగొస్తుందని అక్కడి కార్మికులు డాల్‌ఫ్రామ్ ఓడకు దుక్క ఇనుము ఎక్కించలేదు. పది వారాలకు చివరికి వాళ్లే తగ్గి ఎక్కించాల్సి వచ్చింది. వాళ్లను లొంగదీయబోయిన అటార్నీ జనరల్ రాబర్ట్ మెంజీస్ తర్వాత ప్రధాని అయ్యాడు. ‘పిగ్ ఐరన్ బాబ్’ (దుక్క ఇనుము బాబ్) అన్న వెక్కిరింత పేరు మాత్రం బతికున్నంత కాలం ఆయన్ను వదల్లేదు.

మనకు బాగా దగ్గరి కథ 1971ది. ఎందుకో మన దగ్గర దీన్ని పెద్దగా చెప్పుకోం. మార్చి 25 తర్వాత తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) ఊచకోత మొదలైంది. పాకిస్తాన్‌కు ఆయుధాలు ఆపేశామని అమెరికా ప్రభుత్వం చెబుతూ వచ్చింది. జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ అసలు సంగతి బయటపెట్టింది. సైనిక సామగ్రితో పాకిస్తానీ ఓడలు న్యూయార్క్ నుంచి వెళ్తూనే ఉన్నాయట! ఆ ఓడల్లో ఒకటి పద్మా.

ఫిలడెల్ఫియాలో రిచర్డ్ టేలర్ అనే క్వేకర్ (యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖవాడు), ఆయన మిత్రులు ‘ఫ్రెండ్స్ ఆఫ్ ఈస్ట్ బెంగాల్’ పేరుతో పనిచేస్తున్నారు. జూలైలో పద్మా బాల్టిమోర్‌కు వస్తుందని తెలిసి చిన్న చిన్న పడవలేసుకుని అడ్డం వెళ్లారు. అంతెత్తు ఓడ ముందు తెడ్లు పట్టుకున్న గుప్పెడు మంది. పోలీసులు అరెస్టులు చేశారు, ఓడ రేవుకు చేరింది. చూసేవాళ్లకు ఇది ఓటమే. అయితే టేలర్ బృందం కన్ను ఓడ మీద కంటే రేవు కూలీల మీదే ఎక్కువ. నిరసనకారులు అడ్డంగా నిలబడ్డ వరుసను, అంటే పికెటింగ్ గీతను, దాటి పనికెళ్లడం అమెరికా కార్మిక సంఘాల్లో తప్పు. మీరు రేవు ముందు నిలబడండి, మేం దాటం అని ఫిలడెల్ఫియా లాంగ్‌షోర్‌మెన్ (రేవు కూలీల) సంఘం నుంచి మాట తీసుకున్నారు. ఆగస్టులో అల్ అహ్మదీ అనే పాకిస్తానీ ఓడ వచ్చింది. దానికి సరుకెత్తేవాడు దొరకలేదు. ఉత్త చేతులతో వెళ్లిపోయింది. నవంబరులో అమెరికా మిగిలిన ఆయుధ లైసెన్సులు రద్దు చేసింది. అందులో ఈ పడవల వాటా ఎంత, రాజకీయాల వాటా ఎంత అని తూచి చెప్పలేం.

స్కాట్లాండ్‌లో జరిగింది ఇంకా విచిత్రం. 1973 సెప్టెంబరు 11న చిలీ సైన్యం హాకర్ హంటర్ విమానాలతో అధ్యక్ష భవనాన్ని పేల్చి, ఎన్నికైన అధ్యక్షుడు అలెండే ప్రభుత్వాన్ని కూల్చింది. (లోంగేవాలాలో 1971లో మన వాయుసేన వాడినవీ ఆ రకం విమానాలే.) మరుసటి ఏడాది ఈస్ట్ కిల్‌బ్రైడ్‌లోని రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీకి మరమ్మతు కోసం ఇంజన్లు వచ్చాయి. బాబ్ ఫుల్టన్ అనే ఇన్‌స్పెక్టర్ అవి చిలీ వాయుసేనవని గమనించి, ముట్టుకోనన్నాడు. యూనియన్ ఆయన వెనక నిలబడింది. ఇంజన్లు పెట్టెల్లోనే ఫ్యాక్టరీ ఆవరణలో నాలుగేళ్లు వానకు నానాయి. 1978 ఆగస్టులో ఒక రాత్రి ఎవరో లారీల్లో ఎత్తుకుపోయారు. అంతా వృథా అయిందనే ఆ కార్మికులు చాలా ఏళ్లు అనుకున్నారు. 2015లో చిలీ ప్రభుత్వం ఫుల్టన్‌నూ ఇద్దరు సహచరులనూ తమ దేశపు పెద్ద పురస్కారంతో గౌరవించింది.

ఆయుధం చేయనంటే మరి జీతం? ఈ ప్రశ్నకు అదే బ్రిటన్‌లో 1976లో లూకాస్ ఏరోస్పేస్ కార్మికులు గట్టి జవాబే తయారుచేశారు. యుద్ధ విమానాల పరికరాల బదులు అవే యంత్రాలతో, అవే చేతులతో ఏం తయారుచేయొచ్చో 150 వస్తువుల ప్లాన్ రాశారు. డయాలసిస్ యంత్రాలు, హీట్ పంపులు, రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే బస్సు. యాజమాన్యం దాన్ని పక్కన పడేసింది. ముందుండి నడిపిన మైక్ కూలీ 1981లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. హైదరాబాద్ చుట్టూ రక్షణ రంగం మీద బతికే కుటుంబాలు తక్కువేం కాదు కాబట్టి ఈ ముక్క దాటేసి శాంతి గురించి మాట్లాడితే ఎవరూ వినరు.

2008 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా డర్బన్‌కు జింబాబ్వేకు చేరాల్సిన ఆయుధాలతో ఆన్ యూ జియాంగ్ అనే చైనా ఓడ వచ్చింది. జింబాబ్వేలో మార్చి 29న ఎన్నికలైనా అధ్యక్ష ఫలితం ప్రకటించలేదు. ప్రతిపక్షం మీద దాడులు జరుగుతున్నాయి. ఓడలో 30 లక్షల తూటాలు, 1,500 రాకెట్ గ్రెనేడ్లు, మోర్టార్ గుళ్లు. ఈ వివరాలు ఒక పత్రిక చేతికి చిక్కాయి. రవాణా కార్మికుల సంఘం సటావు దించం అంది. బిషప్ రూబిన్ ఫిలిప్ హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చాడు, అది ఓడకు అందేలోగా ఓడ లంగరెత్తింది. పక్క దేశాలూ ఆ ఆయుధాలు దించనివ్వలేదు.

ఐక్యరాజ్యసమితిలో ఆయుధ వాణిజ్య ఒప్పందం 2013 ఏప్రిల్ 2న 154 ఓట్లతో నెగ్గింది. మారణకాండకు వాడతారని తెలిసీ ఆయుధం అమ్మకూడదన్నది దాని సారం. భారత్ ఓటు వేయకుండా తప్పుకుంది, ఆ ఒప్పందం ఆయుధాలు అమ్మే దేశాల వైపు మొగ్గిందన్నది మన వాదన. అప్పట్లో మనం కొనేవాళ్లమే. 2013-14లో మన రక్షణ ఎగుమతులు 686 కోట్ల రూపాయలు. 2024-25కి అవి 23,622 కోట్లు. మనం ఇప్పుడు అమ్మే దేశం కూడా.

ఈ కథలన్నిట్లో ఒకటి గమనించండి. పెట్టె మీద రాత కనబడింది, పేపర్లో వార్త వచ్చింది, ఇంజన్ ఎవరిదో తెలిసింది, ఓడ పత్రాలు బయటికొచ్చాయి. తెలిసిన తర్వాతే చేతులు ఆగాయి. ఇవాళ సరుకంతా సీలు వేసిన కంటైనర్లలో పోతుంది, కొంత విమానాల్లో వెళ్తుంది. క్రేన్ నడిపేవాడికి లోపల ఏముందో కనబడదు. ఏ దేశానికి ఏది అమ్ముతున్నామో మన ప్రభుత్వం వివరంగా చెప్పదు. హైదరాబాద్‌లోని అదానీ-ఎల్బిట్ ప్లాంటు నుంచి హెర్మిస్ 900 డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయన్న వార్త 2024లో మీడియా ద్వారానే జనానికి తెలిసింది. ఇజ్రాయెల్‌కు ఆయుధ లైసెన్సులు ఆపాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరు 9న కొట్టేసింది. విదేశాంగ వ్యవహారాల్లోకి తాము రామంది.